నక్కలగుండ్ల ఆదర్శ కోళ్ళగూడు

1955వ సంవత్సరం జనవరి నెలలో, కర్నూలు జిల్లా పత్తికొండ తాలూకా నక్కలగుండ్ల గ్రామంలో మొట్టమొదటిసారిగా కోళ్ళను పెంచాలని ప్రభుత్వం వారు నిశ్చయించారు. అప్పటికి ఊళ్ళో ఉన్న నలభై ఆరు కోళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

నలభై ఆరు ఉంటే మళ్ళీ మొదటిసారి ఏమిటని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. కోళ్ళు ఉన్న మాట నిజమే గానీ, శాస్త్రీయంగా లేవని బ్లాకు ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. పొద్దున గంప ఎత్తితే వెళ్తాయి, పెంటదిబ్బలు గెలుకుతాయి, పొద్దుగూకేసరికి వాటంతటవే వచ్చి మళ్ళీ గంప కింద దూరతాయి, ఈ మధ్యలో వీలు చూసుకుని ఒక గుడ్డు పెడతాయి. ఇందులో రిజిస్టరు ఎక్కడ? దరఖాస్తు ఎక్కడ? తాతముత్తాతల నాటి నుంచి ఎవరి అనుమతీ లేకుండా మా ఊరి కోళ్ళు ఇట్లా బతికేస్తున్నాయని తెలిసి నాకు నిజంగానే సిగ్గు వేసింది.

నేను ఆ ఊరి బడిపంతులును. అయివారు అంటారు. ఊళ్ళో కలం పట్టేవాడిని నేనొక్కడినే కాబట్టి, కొత్తగా పుట్టిన కోళ్ళ పెంపక సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. అధ్యక్షులు గ్రామ మునసబు ఓబులరెడ్డి గారు. ఊళ్ళో ఏ సంఘం పుట్టినా ఆయన అధ్యక్షుడుగానే పుడుతుంది. కార్యనిర్వాహక సభ్యుడు తలారి నాగన్న, అంటే రెడ్డిగారు కేకేస్తే పరుగెత్తే మనిషి. ఇక మేలు పొందే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి పేద స్త్రీ అయి ఉండాలని పథకంలో రాసి ఉంది. పేద స్త్రీలకు మా ఊళ్ళో కరువు లేదు. అందరిలోకీ ఊరి చివర ఉండే గురమ్మను ఎంచాము. ఆమె ఇంటి వెనక ఖాళీ జాగా ఉంది, మాట్లాడటానికి మొగుడు లేడు, రెండూ పథకానికి అనుకూలమే.

గురమ్మ వేరుశనగ కోతలకు కూలికి పోయేది. మొగుడు పోయి పదేళ్ళయింది. ఆమెకున్న చరాస్తి ఒక చుక్కల పెట్ట. దాని గుడ్లూ పిల్లలే ఆమెకు ఏడాది పొడుగునా ఉప్పు, మిరపకాయ, కిరసనాయిలు. ఆ పెట్ట పోతే ఆమె చప్పిడి కూడు చీకట్లో తినాలి. ఈ ముక్క బాగా గుర్తు పెట్టుకోండి, మేము ఎవ్వరమూ పెట్టుకోలేదు.

ఆ రోజుల్లో కర్నూలు మనకు రాజధాని. కచేరీలకు కట్టడాలు చాలక సర్కారు ఉద్యోగులు గుడారాల్లో కూర్చుని, కాగితాల మీద రాళ్ళు పెట్టుకుని పరిపాలన చేసేవారు. గాలి లేస్తే ఫైలు ముందు, గుమాస్తా వెనక. అలాంటి కాలంలో నక్కలగుండ్ల కోళ్ళకు మాత్రం మంగళూరు పెంకుల కప్పు, కడప బండల పరుపు, ఇనుప వల తలుపులతో పక్కా గూడు మంజూరయింది. మా ఊరు ఏ జన్మలో ఏ పుణ్యం చేసుకుందో!

జాగా చూడటానికి బ్లాకు అధికారి గారు స్వయంగా జీపులో వచ్చారు. గురమ్మ గుడిసె ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చారు.

“సోదర సోదరీమణులారా! స్వతంత్ర భారతదేశంలో కోడి ఇంకా గంప కింద మగ్గుతూ ఉండటం మనందరికీ తలవంపు. దానికి గాలి కావాలి. వెలుతురు కావాలి. విశాల దృక్పథం కావాలి. ఈనాటితో గంప యుగం అంతరించింది!”

మేము చప్పట్లు కొట్టాము. గురమ్మ కొట్టలేదు. గంప చంకలో పెట్టుకుని ముందుకు వచ్చింది.

“నాకు గూడెందుకు సామీ? గంప బాగనే ఉండాది. నా గుడిసె మీద బోదగడ్డి లేక సగం ఆకాశం కనపడతాండాది. ఆ పెంకులేవో ఈడ ఏపీండి, నీ కాళ్ళకు మొక్కుతా.”

అధికారి గారు చాలా ఓపికగా చెప్పారు. “ఇది కోళ్ళ పథకమమ్మా. మనుషుల పథకం వేరే వస్తుంది.”

వస్తే దానికీ దరఖాస్తు నేనే రాసిపెడతానని గురమ్మకు ధైర్యం చెప్పాను. ఇంకో సంగతి, గూటికి నాలుగు వైపులా పదిహేను అడుగుల మేర గాలి ఆడాలని నిబంధన. గురమ్మ వంట చేసుకునే కొట్టం ఆ పదిహేను అడుగుల్లో అడ్డంగా ఉంది. కొట్టం పీకేశారు. గాలి చక్కగా ఆడింది.

ఇక్కడ మా ఊరి మర్యాద ఒకటి మీకు చెప్పాలి. ఊరికి అధికారి వస్తే కోడి కోస్తాము. కోయకపోతే ఊరికి తలెత్తుకునే యోగం ఉండదు. ఎవరికి ఎంత అన్నదానికి తరతరాల నుంచి లెక్క ఉంది. జీపులో వస్తే రెండు కోళ్ళు. మోటారు సైకిలు మీద వస్తే ఒకటి. బస్సు దిగి నడిచి వస్తే నాలుగు గుడ్లు. సైకిలు తొక్కుకుంటూ వస్తే మజ్జిగ. వంట రెడ్డిగారి ఇంట్లో. కోడిని ఇచ్చేది మాత్రం ఇంటికొక వంతు చొప్పున ఊరివాళ్ళు, పట్టుకొచ్చేది నాగన్న. పంపకంలో కూడా క్రమం ఉంది. తొడలు అధికారికి, కార్జమూ కందనకాయా రెడ్డిగారికి, మెడ నాకు, కాళ్ళు నాగన్నకు. కారం నూరే భాగ్యం గురమ్మకు.

మేము కోళ్ళ పెంపకం మొదలుపెట్టిన రోజున ఊళ్ళో కోళ్ళు నలభై నాలుగు అయ్యాయి.

తరువాత ఓవర్సీయరు గారు మోటారు సైకిలు మీద కొలతలకు వచ్చారు. గూటి తలుపు దక్షిణం వైపు పెట్టాలని పుస్తకంలో ఉందన్నారు. రెడ్డిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“దక్షిణం యముని దిక్కప్పా! ఆ దిక్కున వాకిలి పెడితే కోడి బతుకుతాదా? తూర్పు పెట్టల్ల.”

“పుస్తకంలో దక్షిణం ఉందండీ.”

“పుస్తకం రాసినోడు ఈ ఊర్లో కోడిని పెంచినాడా?”

ఈ వాదం మూడు వారాలు నడిచింది. ఓవర్సీయరు గారు మూడుసార్లు పైవాళ్ళను అడిగి వచ్చారు, వచ్చినప్పుడల్లా మోటారు సైకిలు మీదే వచ్చారు. చివరకు రెండు తలుపులు పెట్టాలని రాజీ కుదిరింది. తూర్పు తలుపు కోళ్ళకు, దక్షిణపు తలుపు అధికారులకు. అధికారులకు యముని దిక్కు ఏమీ చేయదని రెడ్డిగారు హామీ ఇచ్చారు.

గూడు లేస్తూ ఉండగానే సామాను దిగడం మొదలయింది. కోళ్ళ కింద పరవడానికి వడ్ల ఊక కావాలన్నారు. మాది మెట్ట. వరి పంట చూడాలంటే మా ఊరివాళ్ళు కర్నూలు కాలువ దాకా పోవాలి. ఊళ్ళో వేరుశనగ పొట్టు గుట్టలు గుట్టలుగా పడి ఉంది, అది పరిస్తే పోదా అని గ్రామసేవకుడు గాబ్రియేలు అడిగాడు. పోదన్నారు. మూడు బండ్లు కాలువ దిక్కుకు పోయి ఊక తెచ్చాయి. ఎద్దులు దారి పొడుగునా వెనక్కి తిరిగి దాన్నే తిన్నాయి, వచ్చేసరికి బండిన్నర మిగిలింది. గుడ్డు పెంకు గట్టిపడటానికి సముద్రతీరం నుంచి ఆల్చిప్పల పొడి తెప్పించారు. మా ఊళ్ళో రాళ్ళు తప్ప మరేమీ పండవు, మా కోళ్ళు రోజంతా ఆ గులకరాళ్ళే ఏరుకు తింటాయి. అయినా అవి దరఖాస్తు మీద వచ్చిన రాళ్ళు కావు. ఎండుచేపల పొడి మూట దిగిన రోజున చుట్టుపక్కల మూడు ఊళ్ళ పిల్లులు హాజరయ్యాయి. వాటిని తోలడానికి నాగన్నకు సహాయంగా ఇద్దరిని వేశాము. గుడ్లు తూచే త్రాసు వచ్చింది. గూటి లోపలి వేడి చూడటానికి ఒక గాజు గొట్టం వచ్చింది. రెడ్డిగారు దాన్ని ఇంటికి తీసుకుపోయి చంకలో పెట్టుకుని చూశారు, ఆయనకు జ్వరం లేదని తేలింది.

గాబ్రియేలు గురించి ఒక మాట చెప్పాలి. కడప దిక్కు మనిషి, శిక్షణ పొంది వచ్చిన గ్రామసేవకుడు. కోళ్ళ గురించి అక్షరం ముక్క తెలిసినవాడు ఈ మొత్తం వ్యవహారంలో అతనొక్కడే. కానీ సైకిలు మీద వచ్చేవాడు. అందుకని ఐదు నెలలూ మజ్జిగ తాగాడు. ఒకరోజు మజ్జిగ ముంత పట్టుకుని నా దగ్గర కూర్చున్నాడు.

“అయివారా, మనం కోళ్ళకి గూడు కడతాండామా, కోళ్ళని తింటాండామా?”

“రెండూ వేరు వేరు, గాబ్రియేలూ. కట్టడం పథకం. తినడం మర్యాద.”

“పథకం అయిపోయేలోగా మర్యాద కోళ్ళన్నిట్నీ మింగేట్లుండాదే.”

చిన్నవాడు, అనుభవం లేదు. అతని ముంతలో ఇంకొంచెం మజ్జిగ పోయించాను.

పశువుల డాక్టరు గారు జీపులో వచ్చి, కొక్కెర రోగం రాకుండా ఊరి కోళ్ళకు సూదులు వేశారు. సూదులు వేసినవాటిలో ఆరోగ్యంగా కనిపించిన రెండింటిని ఎంచి మధ్యాహ్న భోజనానికి చెప్పారు. ఆయన చేతి చలవ, ఆ రెండింటికీ కొక్కెర రోగం రాలేదు. ఆ తరువాత గణాంకాల అధికారి గారు కోళ్ళను లెక్కించడానికి వచ్చారు. భోజనానికి ముందు ముప్ఫై ఒకటి వచ్చాయి. భోజనం అయ్యాక సరిచూసుకుంటే ఇరవై తొమ్మిది వచ్చాయి. ఆయన చాలా నిజాయతీపరుడు. నిద్ర పట్టక మళ్ళీ మళ్ళీ కూడి, చివరకు తేడా అన్న గడిలో ‘భోజనం’ అని రాసి సంతకం పెట్టారు. అటువంటి అధికారులు ఈ రోజుల్లో ఏరీ!

ఈలోగా రెడ్డిగారి ఇంటి కోళ్ళు తొమ్మిదీ గాలిమార్పు కోసం పత్తికొండలో ఆయన కూతురి ఇంటికి వెళ్ళాయి. మిగిలిన ఆడవాళ్ళకు పత్తికొండలో కూతుళ్ళు లేరు. వాళ్ళు మరొక ఉపాయం కనిపెట్టారు. గుడ్ల మీద కూర్చున్న పెట్టను లేపరాదు, లేపితే పాపం. ఇది మా వైపు పిల్లలకు కూడా తెలిసిన సంగతి. పొదుగు మీద ఉన్న పెట్టకు వంతు నుంచి మినహాయింపు ఉంది. ఇంకేముంది! ఒక్క వారంలో ఊళ్ళోని పెట్టలన్నీ పొదుగు మీద కూర్చున్నాయి. ఒక ఇంట్లో పుంజు కూడా కూర్చుంది.

రెడ్డిగారికి అనుమానం వచ్చి విచారణ సంఘం వేశారు. సంఘమంటే నేనూ నాగన్నా. ఇల్లిల్లూ తిరిగి పెట్టలను ఎత్తి చూశాము. ఈరక్క పెట్ట కింద ఐదు ఉల్లిగడ్డలు ఉన్నాయి.

“ఏమక్కా ఇది?” అన్నాడు నాగన్న.

“అవే గుడ్లనుకోని కూకుండాది. నేనేం జేతు?” అంది ఈరక్క. “దానికి తెలీకపోతే నా తప్పా?”

ఇంకో ఇంట్లో గులకరాళ్ళు దొరికాయి. మరొక ఇంట్లో పెట్టను గంపకు తాడుతో కట్టి కూర్చోబెట్టారు. నిజమైన పొదుగు ఊరంతటికీ ఒక్కటే తేలింది. గురమ్మ చుక్కల పెట్ట పదకొండు గుడ్ల మీద కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. నాగన్న చెయ్యి పెట్టబోతే ముక్కుతో వేలు చీల్చింది. నేను ‘వాస్తవ పొదుగు’ అని ధ్రువపత్రం రాసి, గురమ్మ గుడిసె తడికెకు గుచ్చాను.

“ఇరవై ఒక్క దినం అయివారా,” అంది గురమ్మ. “ఆ ఇరవై ఒక్క దినం ఎవర్నీ రానీకు, నీకు పుణ్యముంటాది. పిల్లలు లేచినంక నేను యాడో ఒకచోట సర్దుకుంటా.”

రానివ్వకుండా ఉండటం నా చేతిలో ఉందా! ఇరవై ఒక్క రోజులు కాదు, రెండు రోజులు కూడా ఆగలేదు. గూడు పూర్తయిందని తెలిసి చూడటానికి వచ్చినవాళ్ళూ, పూర్తి కాలేదేమో అని చూడటానికి వచ్చినవాళ్ళూ, దారి తప్పి వచ్చినవాళ్ళూ. ఉల్లిగడ్డల మీది పెట్టలన్నీ వరుసగా లేచాయి. ఉల్లిగడ్డలు కూడా వృథా కాలేదు, కూరలోకి పనికొచ్చాయి. మే నెల సగమయ్యేసరికి ఊళ్ళో కోడి కూత వినిపించడం మానేసింది. తెల్లవారిందో లేదో తెలియక జనం బారెడు పొద్దెక్కేదాకా పడుకునేవారు. ఊరు మొత్తానికి మిగిలింది గురమ్మ పెట్ట ఒక్కటి.

సరిగ్గా దాని పద్దెనిమిదో రోజున ప్రారంభోత్సవం పెట్టారు.

కర్నూలు నుంచి పెద్ద అధికారి గారు వస్తున్నారు, ఆయనే మేలుజాతి కోళ్ళను గురమ్మకు స్వహస్తాలతో అందజేస్తారు. గూటికి సున్నం కొట్టాము. గడపకు పసుపు పూశాము. తూర్పు తలుపుకు మామిడాకులు కట్టి, దిష్టికి బూడిద గుమ్మడికాయ వేలాడదీసి, ముహూర్తం చూసి లోపల పాలు పొంగించాము. ఆ సెగకు, రెడ్డిగారు తిరిగి తెచ్చి గోడకు తగిలించిన వేడి చూసే గాజు గొట్టం పగిలింది. శుభసూచకమని రెడ్డిగారు అన్నారు.

పదకొండు గంటలకు ఒక కారు, రెండు జీపులు వచ్చాయి. పద్నాలుగు మంది దిగారు. వెనకాలే లారీలో సర్కారు ఫారం నుంచి తెచ్చిన పన్నెండు పెట్టలూ ఒక పుంజూ దిగాయి, వాటితోపాటు గాబ్రియేలు దిగాడు. రెండు రోజులు ఆ బుట్టల పక్కనే కూర్చుని, దోసిలితో నీళ్ళు తాపుతూ తెచ్చాడు. తెల్లగా, సున్నం కొట్టిన గూటికి జోడుగా ఉన్నాయి కోళ్ళు. ఈరక్క దగ్గరకు వచ్చి చూసి నోరు నొక్కుకుంది.

“ఇదేం రోగమప్పా, ఒళ్ళంతా బొల్లి వచ్చిండాది!”

పెద్ద అధికారి గారు ముప్పావుగంట మాట్లాడారు. “ఈ గూడు ఇటుకలతో కట్టినది కాదు, ఆశయాలతో కట్టినది. ఈ కోళ్ళు ఈ క్షణం నుంచి ప్రభుత్వానివి కావు. ఈ పేద సోదరి సొంతం! వీటిపై సర్వాధికారాలూ ఆమెవే. ఇదే ప్రజాస్వామ్యం!” అన్నారు. గురమ్మ వేలిముద్ర వేసింది. ఆమె బొటనవేలు పట్టుకుని కాగితం మీద అద్దింది నేనే. గాబ్రియేలు బుట్టలు విప్పాడు. కోళ్ళు తూర్పు వాకిట లోపలికి వెళ్ళాయి, అధికారులు దక్షిణపు వాకిట వెళ్ళి చూసి వచ్చారు. ఎవరి దారిన వారు సక్రమంగా నడవటం చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

అప్పుడు భోజనం వేళయింది.

జీపుకు రెండు. మరి కారుకు ఎన్ని? పూర్వాచారంలో కారు లేదు. మూడని రెడ్డిగారు తీర్పు చెప్పారు. వెరసి ఏడు కోళ్ళు కావాలి. పక్క ఊరికి పరుగెత్తిన మనిషి వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. ఆ ఊళ్ళో ఎరువు గుంతల పథకం నడుస్తూ ఉంది. ఎరువు గుంతలు చూడటానికి వచ్చేవాళ్ళు మాత్రం ఏం తింటారు పాపం, ఎరువు తినలేరు కదా! పోనీ మేకను కోద్దామన్నాను నేను. రెడ్డిగారు నన్ను కోపంగా చూశారు.

“కోళ్ళ ఆఫీసరుకు మేకను పెడతావా? ఆయన్ని ఇంకో శాఖకు తోసినట్లు కాదా? ఒరే నాగన్నా, ఆ గురమ్మ పెట్టను పట్టక రా. అదొక్కటన్నా ఆయప్ప ఇస్తరాకులో పడితే పరువు నిలుస్తాది.”

నాగన్న కదల్లేదు. “పొదుగు మీదుండాది రెడ్డీ. ఇంక మూడే దినాలు. పాపం తగులుతాది.”

“పాపం నాకు రానీ. పట్టక రా.”

నాగన్న వెళ్ళి వట్టి చేతులతో వచ్చాడు. రెడ్డిగారే లేచారు. కార్యదర్శిని కాబట్టి నేనూ వెంట నడిచాను. నా ధ్రువపత్రం తడికె మీదే ఉంది. రెడ్డిగారు దాన్ని చదవలేదు, చదవమని నన్ను అడగలేదు, నేను కూడా గొంతు సవరించుకోలేదు. గురమ్మ గుడిసె వాకిట్లో రెండు చేతులూ తడికెలకు ఆనించి అడ్డంగా నిలబడి ఉంది. లోపల చుక్కల పెట్ట కదలకుండా కూర్చుని మమ్మల్ని ఒంటి కంటితో చూస్తోంది.

“పక్కకు జరుగు గురమ్మా. ఊరి పరువు,” అన్నారు రెడ్డిగారు.

“పరువుకు రెక్కలుంటే దాన్నే కోసుకోండి రెడ్డీ. దీన్ని ముట్టద్దండి.”

“ఒక్క కోడి కోసం ఊరి నోట్లో మన్ను కొడతావా?”

“మీకు ఒక్క కోడి. నాకు ఉప్పు, నాకు దీపం. గుడ్లల్లో పిల్లలు మెదులుతాండాయి, చెవి పెడితే ఇనపడతాండాది. రాండి, ఇని సూసి పట్టకపోండి.”

రెడ్డిగారు వినడానికి రాలేదు. చెయ్యి చాపి ఆమెను పక్కకు తొయ్యబోయారు. గురమ్మ ఆ చెయ్యి కిందినుంచే వంగి బయటకు వచ్చి, గూటి దిక్కు వేలు చూపించింది.

“ఆ తెల్లకోళ్ళు ఎవరివి?”

“నీవే,” అన్నారు రెడ్డిగారు, విసుగ్గా.

“సర్వాధికారమూ నాదే అని ఆ పెద్దాయప్ప అందరి ముందర చెప్పినాడు గదా. అయివారే నా వేలు పట్టి ఏపిచ్చినాడు గదా. నా ఇంటికి పద్నాలుగు మంది సుట్టాలొచ్చినారు. నా కోళ్ళు నేను పెడతాండా. పదమూడు ఉండాయి, కోసుకోండి పోండి!”

రెడ్డిగారు మెల్లగా నా వైపు తిరిగారు. “అయివారా, రూలు ఒప్పుకుంటాదా?”

నేను నిబంధనల పుస్తకం తెరిచాను. చివరి పేజీలో దొరికింది. ‘లబ్ధిదారు సదరు కోళ్ళను పౌష్టికాహార నిమిత్తం వినియోగించుకొనవచ్చును.’ ఎవరి పౌష్టికత అన్నది రాయలేదు. పెద్దగా చదివి వినిపించాను.

ఆ తరువాతి గంటను నేను జన్మలో మరచిపోలేను. నాగన్న దక్షిణపు తలుపులో దూరాడు, కోళ్ళు తూర్పు తలుపులో వెలుపలికి వచ్చాయి. నాగన్న తూర్పుకు వచ్చేసరికి అవి దక్షిణం నుంచి లోపలికి దూరాయి. రెండు తలుపుల గొప్పదనం అప్పుడు అర్థమయింది. మేలుజాతి కోళ్ళు ఎంత తేలికవంటే, నాటుకోడి గోడ ఎక్కేలోపల అవి ఇంటికప్పు దాటేస్తాయి. ఊరు ఊరంతా ఎగబడింది. జీపు డ్రైవర్లు టోపీలు విసిరారు, ఈరక్క చీపురు విసిరింది, ఎండుచేపల కోసం వచ్చిన పిల్లులు కూడా ఒక చెయ్యి వేశాయి. రెడ్డిగారి అరుగు మీద కూర్చున్న పెద్ద అధికారి గారి తల మీదుగా తెల్లకోళ్ళు రెండు రివ్వున ఎగిరిపోయాయి. ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

“చూశారా ఆ చురుకు! దేశవాళీ జాతిలో ఉందా ఇది? ప్రదర్శన చాలా బాగా ఏర్పాటు చేశారు!”

మూడు గంటలకు వడ్డన అయింది. కూర చాలా లేతగా వచ్చింది. పద్నాలుగు మందికి పదమూడు కోళ్ళంటే మా ఊరి చరిత్రలో అంతటి మర్యాద ఎన్నడూ జరగలేదు. ఇది ఏ జాతి అని పెద్ద అధికారి గారు తొడ ముక్క పట్టుకుని నన్ను అడిగారు. శాస్త్రీయమైన జాతి అని మనవి చేశాను. కూర కావలసినంత ఉంది కాబట్టి ఆ రోజు గాబ్రియేలుకు కూడా ఇస్తరాకు వేశారు. అతను ముద్ద ముట్టకుండా లేచి, సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఇస్తరాకులోవి నేనే తిన్నాను. మెడలు తిని తిని ఉన్నవాడిని, మొదటిసారి రొమ్ము ముక్క దొరికితే వదలమంటారా?

కాగితాలు ఉండనే ఉన్నాయి. పక్షులు చేరినవి పదమూడు. మిగిలినవి లేవు. కారణం అన్న గడిలో రోగం, పాము, నక్క, దొంగతనం అని నాలుగు మాటలు అచ్చువేసి ఉన్నాయి, వాటిలో ఒకదానికి గీత పెట్టాలి. అధికారులు అన్న మాట అచ్చు వేయలేదు. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నదని నక్కకు గీత పెట్టాను. నెల తిరగకుండా నక్కల నివారణ కోసం ప్రహరీ గోడ మంజూరయింది, జాగా చూడటానికి జీపు వస్తోందని ఉత్తరం వచ్చింది. గూడు మాత్రం జిల్లాలోకెల్లా పరిశుభ్రమైనదని మెచ్చుకోలు పత్రం పొందింది. ఒక్క రెట్ట కూడా కనిపించలేదట.

ఇక అసలు సంగతి. ఇరవై ఒకటో రోజు పొద్దున గురమ్మ నన్ను పిలిపించింది. పోయి చూస్తే చుక్కల పెట్ట లేచి తిరుగుతోంది, దాని వెనకాల పది పిల్లలు. ఒక గుడ్డు మురిగిపోయింది. పచ్చవి, నల్లవి, చుక్కలవి, పురికొసల ఉండల్లా నా చెప్పుల మీదికి ఎక్కి దిగుతున్నాయి. నిజం చెబుతున్నాను, నా కడుపు నిండిపోయింది. ఈసారి తినకుండానే నిండింది.

“అయివారా,” అంది గురమ్మ, “నీవు శానా రాసినావు. నా కోసరం ఒక్కటి రాయి. ఈ ఊర్లో కోళ్ళు లేవని రాయి.”

ఆ ఐదు నెలల్లో ఎన్నో అబద్ధాలు కలం ఆగకుండా రాశాను. దీనికి మాత్రం రెండు కాగితాలు చింపాను. అయినా రాశాను. నక్కలగుండ్లలో కోళ్ళు శూన్యం. కింద నా సంతకం, రెడ్డిగారి ముద్ర. కర్నూలులో నమ్మారు. కోళ్ళు శూన్యమైన గ్రామం కనుక, మొట్టమొదటిసారిగా అక్కడ కోళ్ళను పెంచాలని ప్రభుత్వం వారు మళ్ళీ నిశ్చయించారని వినికిడి.

ఇంత కథ చెప్పాను కాబట్టి, గురమ్మ కోళ్ళను ఒకసారి చూసి వద్దామని మీలో కొందరికి అనిపించవచ్చు. మీకు శ్రమ తప్పించడానికి ఒక మాట చెబుతున్నాను. ఆ ఊరి పేరు నక్కలగుండ్ల కాదు. అది పత్తికొండ తాలూకాలో లేదు. గురమ్మ పేరు గురమ్మ కాదు. మీరు మంచివాళ్ళే, కాదనను. కానీ మంచివాళ్ళను భోజనం వేళ నేను చాలామందిని చూశాను, వాళ్ళ పక్కన ఇస్తరాకు వేసుకుని కూర్చున్నాను కూడా.